చిట్టా నిజం, ఊరి ఎరుక: మైదవోలు నరసింహం స్మారకోపన్యాసం



మైదవోలు నరసింహం 1927 జూన్ 3న పుట్టారు. 2021 ఏప్రిల్ 20న, కోవిడ్ రెండోసారి విజృంభించిన రోజుల్లో, హైదరాబాదులో కన్నుమూశారు. భారత బ్యాంకింగ్ సంస్కరణల పితామహుడన్న పేరు ఆయనది. రిజర్వు బ్యాంకులో ఉద్యోగిగా చేరి గవర్నరు పదవి దాకా ఎదిగిన మొదటి వ్యక్తి కూడా ఆయనే. 2000లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇంట్లో ఆయన ఎలాంటి మనిషో చెప్పే హక్కు ఇంటివాళ్లది. అందుకే ఈ ఉపన్యాసం ఆయన వృత్తి దగ్గరే ఆగుతుంది. అయితే ఆ వృత్తి చివరకు వచ్చి తాకేది సంసారినే. వానాకాలం విత్తనానికి, బిడ్డ పెళ్లికి, బావి పూడిక తీయడానికి అప్పు కోసం తిరిగే ప్రతి ఇంటిపెద్ద బతుకులోనూ ఆయన రాసిన వాక్యాల ప్రభావం ఉంది.

ఆయన పేరుతో దేశం గుర్తుపెట్టుకున్న నివేదికల్లో 1975 నాటిదీ, 1991 నాటిదీ ముఖ్యమైనవి. మొదటిది బ్యాంకును పల్లెకు తెచ్చింది. రెండోది బ్యాంకు లెక్కలను సరిదిద్దింది. ఒకటి పేదల కోసం, ఇంకొకటి లాభాల కోసం అని వాటిని విడదీసి మాట్లాడటం అలవాటైంది. ఈ ఉపన్యాసంలోని వాదం వేరు. అప్పు ఇచ్చేవాడికి ఊరి ఎరుక ఉండాలి, వాడి చిట్టా నిజం చెప్పాలి. ఈ రెండూ ఒకేచోట ఉన్నప్పుడే పల్లె అప్పు నిలుస్తుంది. నరసింహం మొదటి నివేదికలోనే ఈ రెండూ ఉన్నాయి. అమలుచేసినవాళ్లు ఒక్కో కాలంలో ఒక్కో సగాన్నే పట్టుకున్నారు. ఆ నష్టం వరంగల్ ప్రాంతానికి బాగా తెలుసు.

1. కౌంటరుకు రెండు వైపులా

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనూ, తర్వాత కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలోనూ చదువుకున్న నరసింహం 1950లో రిజర్వు బ్యాంకు ఆర్థిక విభాగంలో పరిశోధనాధికారిగా చేరారు. అది ఖాతాదారులు కనిపించని ఉద్యోగం. పట్టికలు, ధరలు, చెలామణిలో ఉన్న నోట్ల లెక్కలు, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. అక్కడినుంచి ఆర్థిక మంత్రిత్వ శాఖకు వెళ్లి అదనపు కార్యదర్శి అయ్యారు. 1977 మే 2న రిజర్వు బ్యాంకు గవర్నరుగా బాధ్యత తీసుకుని అదే ఏడాది నవంబరు 30న దిగిపోయారు. ఏడు నెలలే. గవర్నరు పదవి వల్ల మాత్రమే గుర్తుండవలసిన మనిషైతే ఆయన్ను ఈపాటికి మరిచిపోయేవాళ్లం.

తర్వాత ఆయన ప్రపంచ బ్యాంకులోనూ, అంతర్జాతీయ ద్రవ్యనిధిలోనూ భారతదేశం తరఫున కార్యనిర్వాహక డైరెక్టరుగా పనిచేశారు. 1981 నవంబరులో ద్రవ్యనిధి భారతదేశానికి తన సొంత లెక్కల కొలమానంలో 500 కోట్ల ఎస్‌డీఆర్‌ల రుణం మంజూరు చేసింది. ఆ సంస్థ చరిత్రలో అప్పటిదాకా అంత పెద్ద రుణం లేదు. అప్పు అడిగే దేశానికి ప్రతినిధిగా ఆ బల్ల దగ్గర కూర్చున్నది నరసింహం. ఆ రుణంలో 390 కోట్లు వాడుకున్నాక, 1984లో భారతదేశం మిగతాది వద్దని ఆపేసింది. మంజూరైన అప్పును మొత్తం తీసుకోకుండా ఆగిన సందర్భాలు దేశాల విషయంలోనూ తక్కువే, ఇళ్ల విషయంలోనూ తక్కువే.

కేంద్ర ఆర్థిక కార్యదర్శి పదవి, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఉపాధ్యక్ష పదవి, హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీతో దీర్ఘకాల అనుబంధం కూడా ఆయన జీవితంలో ఉన్నాయి. వాదానికి కావలసింది ఈ పదవుల చిట్టా మాత్రం కాదు. అప్పు ఇచ్చే వ్యవస్థను దిద్దినవాడు అప్పు అడిగే కుర్చీలోనూ కూర్చున్నాడన్నదే ఇక్కడ ముఖ్యం.

2. షావుకారు బలం ఎక్కడ ఉంది

రిజర్వు బ్యాంకు 1951–52లో దేశమంతటా గ్రామీణ రుణాల సర్వే చేయించింది. గోర్వాలా నాయకత్వంలోని కమిటీ 1954లో ప్రకటించిన లెక్క ఇది. పల్లె కుటుంబం చేసిన ప్రతి వంద రూపాయల అప్పులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారుల నుంచే వచ్చాయి. అందులో వృత్తిగా వడ్డీ వ్యాపారం చేసేవాళ్లు ఇచ్చింది 44.8, వ్యవసాయం చేస్తూ అప్పులిచ్చేవాళ్లు ఇచ్చింది 24.9. సహకార సంఘాల వాటా 3.1. వాణిజ్య బ్యాంకుల వాటా 0.9. అర్ధ శతాబ్దపు సహకారోద్యమం తర్వాత మిగిలిన అంకె ఆ మూడు రూపాయలే.

నిజాం రాజ్యంలో ఈ కథకు ఇంకో పొర ఉంది. దొర గడీలోనూ, షావుకారు ఇంట్లోనూ దొరికే అప్పు తరచూ నోట్ల రూపంలో ఉండేది కాదు. నాగు కింద ధాన్యం తెచ్చుకుని, పంట కళ్లంలో ఉండగానే వడ్డీతో కొలిచి ఇవ్వాలి. తీరనప్పుడు పొలం పోయేది, పొలం లేనివాడి ఒళ్లు అరిగేది. 1941లో ప్రభుత్వం హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించింది, మరుసటి ఏడాది అది పని మొదలుపెట్టింది. కానీ దాని పని ఉస్మానియా సిక్కా నిర్వహణ, సర్కారు ఖజానా, పట్టణ వర్తకం. జనగామ చుట్టుపక్కల చెలక రైతుకు దాని గుమ్మం తెలియదు.

షావుకారును తిట్టడం సులువు. అతనెందుకు గెలిచాడో చూడటం అవసరం. ఏ ఇంట్లో ఎంతమంది కష్టం చేసేవాళ్లున్నారో, ఎవరి బావిలో నీళ్లు ఎండాకాలం దాకా నిలుస్తాయో, ఎవరికి మాట మీద నిలబడే గుణముందో అతనికి తెలుసు. రాత్రిపూట తలుపు తట్టినా అప్పు పుడుతుంది, కాగితం అక్కర్లేదు. ఊరి ఎరుక అతని దగ్గర నిండుగా ఉంది. లేనిది చిట్టాలో నిజం. వేలిముద్ర వేసినవాడికి ఎంత రాసుకున్నారో తెలియదు, కట్టింది జమ అయిందో లేదో అడిగే దిక్కు లేదు. సహకార సంఘం దీనికి విరుగుడు కావలసింది. చాలాచోట్ల అది కూడా పెద్ద భూస్వాముల చేతిలో పడింది. ఊరి ఎరుక అక్కడా ఉంది కాని, అది ఎవరికి ఇవ్వకూడదో తేల్చుకోవడానికి పనికొచ్చింది.

3. 1975: ఒక నెలలో రాసిన నివేదిక

1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులు ప్రభుత్వపరమయ్యాయి. శాఖలు పల్లెలకు వచ్చాయి, కాని వాటిలో కూర్చున్నవాళ్లు పట్టణం నుంచి బదిలీ మీద వచ్చి, ఎప్పుడు తిరిగి వెళ్తామా అని ఎదురుచూసేవాళ్లు. సభలో ఆ కాలం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. వాళ్ల జీతాలు పట్టణపు లెక్కవి, వాళ్లు పెట్టే షరతులు వర్తకుడికి సరిపోయేవి. 1975 జూన్ చివర ఎమర్జెన్సీ వచ్చింది. జులై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో పేదల ప్రైవేటు అప్పుల వసూళ్లు ఆపాలన్న అంశం ఉంది. షావుకారు తలుపు మూస్తే రైతు వెళ్లే తలుపు ఏది? ఆ ప్రశ్నకు జవాబు రాయడానికే ప్రభుత్వం నరసింహం అధ్యక్షతన ఒక కార్యబృందాన్ని వేసింది. నెల తిరగకముందే నివేదిక సిద్ధమైంది.

దాని సారం క్లుప్తంగా ఇది. సహకార సంఘానికి పల్లె తెలుసు, బ్యాంకింగ్ తెలియదు. వాణిజ్య బ్యాంకుకు డిపాజిట్లు సేకరించడం, లెక్క రాయడం, వ్యాపార క్రమశిక్షణ తెలుసు, పల్లె తెలియదు. రెండింటి గుణాలూ కలిసిన మూడో సంస్థ కావాలి. అది ఒకటి రెండు జిల్లాలకే పరిమితం కావాలి. ఉద్యోగులను ఆ ప్రాంతం నుంచే తీసుకోవాలి. వాళ్ల జీతాలు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల స్థాయిలో ఉండాలి, అప్పుడే చిన్న అప్పు ఇచ్చినా ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఈ ఉపన్యాసం వాదమంతా ఆ సూచనలోనే ఉంది. అప్పటికే ఆయన ఎరుకనూ చిట్టానూ కలిపి చూశారు. 1991లో ఆయన మారిపోయారని చెప్పేవాళ్లు 1975 నివేదికను సగమే చదివారు.

సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది. గాంధీ జయంతి నాడు, 1975 అక్టోబరు 2న, దేశంలో మొదటి ఐదు ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు తెరుచుకున్నాయి. వాటిలో మొరాదాబాదులోని ప్రథమా బ్యాంకు మొదటిది. 1976లో చట్టం చేశారు. మూలధనంలో కేంద్రానికి 50 శాతం, దాన్ని నెలకొల్పే వాణిజ్య బ్యాంకుకు, అంటే ప్రాయోజక బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15. తెలుగునేలలో 1976లోనే ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు వచ్చింది. తర్వాత వరంగల్ జిల్లాకు కాకతీయ గ్రామీణ బ్యాంకు వచ్చింది. ఊరి యాస మాట్లాడే క్లర్కు, సైకిలు మీదో బస్సులోనో వచ్చి గొర్రెలు లెక్కపెట్టే ఫీల్డు ఆఫీసరు, చేనేత మగ్గానికీ పాడి బర్రెకూ అప్పు. తెలంగాణ పల్లెలో బ్యాంకు అనే మాటకు ఒక ముఖం ఏర్పడింది ఇలాగే.

4. ఎరుక ఉంది, లెక్క తప్పింది

1987 నాటికి దేశంలో 196 గ్రామీణ బ్యాంకులు ఉన్నాయి. అప్పటికే చాలావాటిని నష్టాలు తినేస్తున్నాయి. కారణాలు దాచినవేమీ కావు. ఈ బ్యాంకులు చిన్న, సన్నకారు రైతులకూ, కూలీలకూ, చేతివృత్తులవారికీ మాత్రమే అప్పు ఇవ్వాలని నియమం. ఊళ్లో కాస్త కలిగిన రైతు, కిరాణా వర్తకుడు, ఉపాధ్యాయుడు పక్క బ్యాంకుకు వెళ్లాలి. చిన్న అప్పుకూ పెద్ద అప్పుకూ కాగితం పని ఒకటే, వడ్డీ మాత్రం తక్కువ. లాభం వచ్చే ఖాతా ఒక్కటీ లేకుండా నష్టం వచ్చే ఖాతాలన్నీ ఒక్క సంస్థకు అప్పగిస్తే అది నిలబడదు. ఇది లెక్కల పుస్తకం ముట్టినవాడెవడైనా చెప్పగలిగిన మాటే.

ఇంకోవైపు జీతాల సంగతి. పక్క వీధిలోని వాణిజ్య బ్యాంకులో ఇదే పని చేసేవాడికి ఎక్కువ జీతం, తమకు తక్కువ ఎందుకని గ్రామీణ బ్యాంకు ఉద్యోగులు అడిగారు. వ్యవహారం జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునలుకు వెళ్లింది. దానికి అధ్యక్షత వహించింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఎస్. ఓబుల్‌రెడ్డి. ప్రాయోజక బ్యాంకు ఉద్యోగులతో సమానంగా జీతాలు ఇవ్వాలని 1990లో తీర్పు వచ్చింది. ఉద్యోగుల కోరిక న్యాయమైనదే. ఒకే పనికి రెండు జీతాలన్నది మొదటినుంచీ నిలిచే ఏర్పాటు కాదు. ఇక్కడ నరసింహం లెక్క తప్పిందని ఒప్పుకోవాలి. తక్కువ ఖర్చు అనే పునాది తీసేశాక ఆ బ్యాంకుకు వేరే పునాది ఎవరూ వేయలేదన్నది మాత్రం ఆయన తప్పు కాదు.

దీనికి తోడు 1980లలో రుణమేళాలు వచ్చాయి. వేదిక మీద మంత్రి, కింద జనం, మధ్యలో బర్రెలు. ఎవరికి ఇవ్వాలో ఫీల్డు ఆఫీసరు ఎరుక కాక జాబితా నిర్ణయించింది. 1990లో కేంద్రం పదివేల రూపాయల దాకా గ్రామీణ రుణాలను మాఫీ చేసింది. కరువులో మునిగినవాడికి అది ఊపిరి పోసింది, అందులో సందేహం లేదు. కిస్తీ తప్పకుండా కట్టినవాడు మాత్రం తనెందుకు కట్టానా అని తల పట్టుకున్నాడు. హైదరాబాదులో పుట్టి, జాగీర్దారీ రద్దు ఫలితాల మీద పరిశోధన చేసిన ఆర్థికవేత్త ఎ. ఎం. ఖుస్రో నాయకత్వంలోని వ్యవసాయ రుణ సమీక్షా కమిటీ గ్రామీణ బ్యాంకులను ప్రాయోజక బ్యాంకుల్లో కలిపేయమని 1989లోనే చెప్పింది. ప్రభుత్వం కలపలేదు, బాగుచేయనూ లేదు.

5. 1991: చిట్టా నిజం చెప్పాలి

1991 వేసవిలో విదేశీ మారకం అడుగంటి దేశం బంగారం తాకట్టు పెట్టింది. ఆగస్టులో ప్రభుత్వం నరసింహం అధ్యక్షతన ఆర్థిక వ్యవస్థ కమిటీని నియమించింది. నవంబరుకల్లా నివేదిక వచ్చింది. అప్పట్లో ప్రధాని పి. వి. నరసింహారావు. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, పెరిగింది వంగరలో. ఈ సభకు ఆ పరిచయం అక్కర్లేదు. ఇద్దరు నరసింహుల పేర్లు కలగాపులగం అవుతుంటాయి కాబట్టే చెప్పవలసి వచ్చింది.

అప్పటి బ్యాంకు పరిస్థితి ఇది. వంద రూపాయల డిపాజిట్టు వస్తే చట్టబద్ధ ద్రవ్యత్వ నిష్పత్తి కింద 38 రూపాయల 50 పైసలు ప్రభుత్వ పత్రాల్లో పెట్టాలి. నగదు నిల్వ నిష్పత్తి కింద 15 రూపాయలు రిజర్వు బ్యాంకులో ఉంచాలి. మిగిలింది 46 రూపాయల 50 పైసలు. అందులో ఎక్కువ భాగం ఎవరికి, ఏ వడ్డీకి ఇవ్వాలో కూడా పైనుంచే ఉత్తరువు. ఇంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి. ఏళ్ల తరబడి పైసా కట్టని అప్పు మీద కూడా బ్యాంకు వడ్డీ లెక్కగట్టి ఆదాయంగా రాసుకునేది. రాని డబ్బును వచ్చినట్టు చూపి, ఆ లాభం మీద పన్ను కట్టి, ప్రభుత్వానికి డివిడెండు కూడా ఇచ్చేది. షావుకారు చిట్టా రుణగ్రస్తుడిని మోసం చేసింది. ఈ చిట్టా బ్యాంకును తానే మోసం చేసుకునేలా చేసింది.

కమిటీ చెప్పినవాటిలో సామాన్యుడికి అర్థం కావలసింది ఈ భాగమే. కట్టకుండా ఆగిపోయిన అప్పు మీద చేతికి అందిన వడ్డీనే ఆదాయంగా రాయాలి. నిర్ణీత గడువు దాటినా కట్టని అప్పును నిరర్థక ఆస్తి అనాలి, దానికి లాభంలోంచి కేటాయింపు చేయాలి. ఇచ్చిన అప్పుల ప్రమాదానికి తగ్గట్టు 8 శాతం సొంత మూలధనం ఉండాలి. 38.5ను ఐదేళ్లలో 25కు దించాలి. వసూళ్ల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లు కావాలి. ప్రైవేటు బ్యాంకులకు మళ్లీ తలుపు తీయాలి. రాయితీ ఇవ్వదలిస్తే ప్రభుత్వం బడ్జెట్టులోంచి ఇవ్వాలి, బ్యాంకు వడ్డీలో దాచిపెట్టకూడదు.

నియమాలు మారాక తెర తొలగింది. 1993 మార్చి చివరికి ప్రభుత్వ రంగ బ్యాంకుల అప్పుల్లో 23.2 శాతం నిరర్థకమని తేలింది. అంటే నాలుగో వంతుకు దగ్గర. ఆ అప్పులు ఒక్క ఏడాదిలో చెడలేదు, అప్పటిదాకా కనిపించలేదంతే. బ్యాంకులు నిలబడేందుకు ఆ దశకంలో కేంద్రం సుమారు 20 వేల కోట్ల రూపాయలు మూలధనంగా పోసింది. 1993లోనే రుణ వసూలు ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది. గ్రామీణ బ్యాంకులకూ ఊరట దొరికింది. పేదలకే కాక ఎవరికైనా అప్పు ఇచ్చే స్వేచ్ఛ, తాజా మూలధనం వాటికి వచ్చాయి.

లెక్కలో నిజం లేకపోతే ఏమవుతుందో హైదరాబాదే చూపించింది. కొత్త ప్రైవేటు బ్యాంకులకు అనుమతి ఇచ్చాక 1994లో సికింద్రాబాదు కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పుట్టింది. మార్బుల్ గచ్చు, ఏటీఎం, చిరునవ్వు, మధ్యతరగతి అంతా అటు పరిగెత్తింది. షేర్ల వ్యాపారులకిచ్చిన అప్పులు మునిగాయి. బ్యాంకు ప్రకటించిన లాభానికీ రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలిన స్థితికీ పొంతన లేకపోయింది. 2004 జులై 24న మారటోరియం విధించారు, ఆగస్టులో అది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. నరసింహం కమిటీ తెరిచిన తలుపులోంచి వచ్చిన బ్యాంకే ఆ కమిటీ చెప్పిన మొదటి నియమాన్ని మరిచింది.

ఇక కమిటీతో విభేదించవలసిన చోటు. ప్రాధాన్య రంగాలకు ఇవ్వవలసిన 40 శాతాన్ని, బాగా చిన్నవాళ్లకే పరిమితం చేసి, 10 శాతానికి తగ్గించాలని నివేదిక సూచించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ 40 శాతం ఈనాటికీ ఉంది, అందులో వ్యవసాయానికి 18. ప్రభుత్వం ఒప్పుకోకపోవడమే మేలైంది. లెక్క నిజం కావాలంటే అప్పు తగ్గించనక్కర్లేదు, తెలిసినవాడికి ఇస్తే చాలు.

6. 1998: వరంగల్

1998 ఏప్రిల్‌లో నరసింహం రెండో కమిటీ, బ్యాంకింగ్ రంగ సంస్కరణల కమిటీ, నివేదిక ఇచ్చింది. మూలధనం 10 శాతానికి పెంచాలి, బలమైన బ్యాంకులు బలమైనవాటితోనే కలవాలి, బలహీనమైనదాన్ని మోయడానికి ఇంకొకదాన్ని బలి ఇవ్వకూడదు వంటి మాటలున్నాయి అందులో. ఆ నివేదికకు ముందు శీతాకాలంలోనే వరంగల్ జిల్లా పత్తి చేలల్లో లద్దె పురుగు, పచ్చపురుగు పడ్డాయి. మందు కొట్టినకొద్దీ పురుగు పెరిగింది. రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. ఎనుమాముల మార్కెట్టుకు బండి కట్టిన ఇళ్లలో చాలావాటికి ఆ ఏడు సంగతి ఇంకా మానని గాయం.

ఆ చావుల వెనక పురుగు ఒక్కటే లేదు. విత్తనం, ఎరువు, మందు మూడూ ఒకే దుకాణంలో అరువుకు దొరికేవి. పంట కూడా ఆ దుకాణదారుకే అమ్మాలి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే, ఎంత బాకీయో రాసేదీ అతనే. పాత షావుకారు కొత్త బోర్డు పెట్టుకుని వచ్చాడు. బ్యాంకు ఎక్కడుంది? 1991లో దేశంలో 35 వేలకు పైగా ఉన్న గ్రామీణ శాఖలు 2005 నాటికి 32 వేలకు తగ్గాయి. ఉన్న శాఖల్లోనూ మేనేజరు దృష్టి నిరర్థక ఆస్తుల పట్టిక మీద ఉంది. చెలకలో కౌలుకు పత్తి వేసినవాడికి పట్టా లేదు, పట్టా లేనివాడి పేరు ఆ పట్టికలో చేరే ప్రమాదమే లేకుండా అతన్ని గుమ్మంలోనే ఆపేశారు. చిట్టా శుభ్రమైంది. ఎరుక పోయింది.

2003లో జాతీయ నమూనా సర్వే లెక్కలు తీసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం సగటు 48.6. రాష్ట్రాల్లో మనదే మొదటి స్థానం. ఆ అప్పులో సగానికి మించి వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చినదే. 1954లో గోర్వాలా కమిటీ చూపిన దృశ్యానికి, సంస్కరణలు మొదలైన పన్నెండేళ్ల తర్వాత కూడా, మన రాష్ట్రం అంత దూరమేమీ రాలేదు.

దీనికి నరసింహాన్ని దోషిని చేయడం అన్యాయం. బ్యాంకు నష్టాన్ని నష్టమని రాయమన్నారాయన, పల్లెను వదలమని అనలేదు. కానీ నివేదికల రాతలో ఆ హెచ్చరిక బలంగా లేదన్నదీ నిజమే. వ్యవసాయ రుణానికి ప్రత్యేక గడువు పెట్టాలన్న ఇంగితం నియమాల్లోకి తర్వాత వచ్చింది. స్వల్పకాలిక పంటకైతే రెండు పంటకాలాలు దాటాకే దాన్ని నిరర్థకమంటారు. పత్తికీ, పట్టణంలోని ఫ్రిజ్ అప్పుకూ ఒకే క్యాలెండరు పనికిరాదని ఆలస్యంగానైనా ఒప్పుకున్నారు.

7. రెండూ కలిసిన చోటు

ఈ ప్రాంతంలోనే రెండూ ఒకచోట నిలిచిన ఉదాహరణ ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ పరపతి, విక్రయ సంఘం మొదలైంది. చిన్నచిన్న సంఘాలు వేటికవే చచ్చిపోతున్న కాలంలో పలు ఊళ్లను కలిపి ఒక్క సంఘం చేశారు. అప్పు ఇచ్చేదీ, విత్తనం ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ ఆ సంఘమే. 1998లో వరంగల్ పత్తి రైతును మింగిన అరువు దుకాణం చేసిన పనులూ ఇవే. తేడా యాజమాన్యంలో ఉంది. ఇక్కడ దుకాణం రైతులది, లెక్క సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది, పంట అమ్మిన డబ్బులోంచి బాకీ జమ అయ్యాకే మిగతాది చేతికి వస్తుంది. వసూలు కోసం ఎవరి తలుపులూ పీకనక్కర్లేదు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక ముల్కనూరు మహిళలు పాల డెయిరీ పెట్టుకుని స్వకృషి పేరుతో అమ్ముతున్నారు.

1992లో నాబార్డు మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల రుణాలు తెలుగునేలలో బాగా పట్టుకున్నాయి. కారణం అదే. పదిమంది ఆడవాళ్లకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు, పొదుపు పుస్తకం అందరి ముందూ రాస్తారు. ఆ పునాది మీదికి వచ్చిన సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం వసూలును మాత్రమే తీసుకున్నాయి. ఒకే ఇంటికి నలుగురు అప్పు ఇచ్చారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో వాటి ముక్కుకు తాడు వేయవలసి వచ్చింది.

8. ఇప్పటి సంగతి

2006 మార్చి 31న కాకతీయ, మంజీర, నాగార్జున, సంగమేశ్వర, శ్రీవిశాఖ గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. దాని ప్రధాన కార్యాలయం వరంగల్‌లో ఉండేది. 2025 జనవరి 1న దాని తెలంగాణ శాఖలు హైదరాబాదు కేంద్రంగా ఉన్న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అదే ఏడాది మే 1 నుంచి రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అన్న విధానం దేశమంతటా అమలైంది, ఒకప్పుడు 196 ఉన్న సంఖ్య 28 దగ్గరకు వచ్చింది. లెక్కల కోణంలో ఇది సబబే. పెద్ద బ్యాంకుకు మూలధనం, కంప్యూటర్ల ఖర్చు, కరువు ఏడాదిని తట్టుకునే శక్తి ఉంటాయి. అయితే ఒకటి రెండు జిల్లాలకు మించకూడదన్న 1975 షరతు పూర్తిగా పోయింది. ఎరుకకు ఇక మిగిలిన చోటు శాఖ ఒక్కటే.

తేల్చవలసిన మొదటి పరీక్ష కౌలు రైతు. 2011లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి కౌలుదార్లకు రుణ అర్హత పత్రాలు ఇవ్వాలంది. ఆచరణలో అవి కొద్దిమందికే అందాయి. 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే దక్కింది. 2014లో లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా చేసిన రుణమాఫీలు కూడా బ్యాంకులో పంట రుణం ఉన్నవాడికే వర్తించాయి. షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడి బాకీని ఏ జీవో కూడా మాఫీ చేయలేదు. పొలంలో ఎవరి కాళ్లకు మట్టి అంటుతుందో ఊరందరికీ తెలుసు, బ్యాంకు చిట్టాకు తెలియదు.

అందుకని ఈ సభ ముందు విన్నపాలు. బ్యాంకు ఉద్యోగులు ఏడాదికి ఒక్కసారైనా పంట మీద ఉన్నప్పుడు పొలాలు చూసి, సాగు చేసేదెవరో రాసుకోవాలి. నలుగురైదుగురు కౌలుదార్లు కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా వస్తే పాసుపుస్తకం లేదని తిప్పి పంపకూడదు. అప్పు తీసుకున్నవాళ్లు మాఫీ వస్తుందని కిస్తీ ఆపకూడదు. కష్టం వస్తే దాక్కోకుండా గడువు పొడిగించమని ముందే శాఖకు వెళ్లి అడగాలి. పూచీ, తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 1 లక్షా 60 వేల నుంచి 2 లక్షలకు పెంచింది. ఆ పెంపు కూడా 2025 జనవరి 1 నుంచే, తెలంగాణలో గ్రామీణ బ్యాంకు శాఖలు కలిసిన రోజు నుంచే, అమల్లో ఉంది. పట్టా లేని రైతులు ఈ మాట పట్టుకుని తమ శాఖకు వెళ్లి అడగండి.